మూడు తెల్ల ముడులు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాడు ఆలంపూర్ పాత ఊళ్ళో కాపురం ఉండి ఉండడు. ఉంటే, ఇంటి ముందు ఒక రేకు వేసి చూడు అని కూడా కలిపేవాడు. నవబ్రహ్మ గుళ్ళ చుట్టుపక్కల ఇళ్ళకు సున్నం వేసుకోవడం వరకే మన ఇష్టం. ముందు గోడ మార్చాలన్నా, అరుగు పెంచాలన్నా, కప్పు దించాలన్నా గుళ్ళను చూసుకునే ఆఫీసు నుంచి కాగితం కావాలి. ఆ కాగితానికి ప్లాను కావాలి. ఆ ప్లాను గీసేవాణ్ణి నేను.

నా పేరు విజేందర్. బస్టాండు దగ్గర జిరాక్సు మిషను వెనుక నా గది. మా నాయిన జీవితమంతా కూలికి రాళ్ళు మోశాడు. నేను ఆ రాళ్ళు ఎక్కడ పెట్టాలో గీత గీసి చెబుతాను. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువేనని నా భార్య మెర్సీ అంటుంది. జానమ్మ విషయంలో మొదట దెబ్బ తిన్నది ఆ గర్వమే.

జానమ్మ కిందటేడు హోళీ పోయిన వారంలో నా దగ్గరికి వచ్చింది. అరవైకి దగ్గర పడిన మనిషి. కురుమల ఇల్లు. భర్త గుర్వయ్య గొర్రెల వెంట తిరుగుతాడు, ఆమె గొంగళ్ళు నేస్తుంది. నేత మగవాళ్ళ పని, ఆడది ఉన్ని వడికితే చాలునని వాళ్ళలో ఒక లెక్క. మామ బీరప్ప పోయాక మగ్గం మూలన పడుతుంటే ఈమె చీర కుచ్చిళ్ళు దోపుకొని గుంటలోకి దిగి కూర్చుంది. గుంట మగ్గం అంటే అంతే, అరుగులో గుంట తీసి, అందులో కాళ్ళు పెట్టుకొని నేయాలి. మొదట్లో నవ్విన వాళ్ళే ఇప్పుడు చలి రాకముందు ఆమె గడప ముందు నిలబడతారు. మా ఊళ్ళో నాకు తెలిసి మిగిలిన గొంగడి మగ్గం అదొక్కటే.

ఆ మగ్గానికి నీడగా ఇంటి ముందు ఒక వసారా ఉండేది. 2009 వరదల్లో కూలిపోయింది. శిథిలాలన్నీ రోడ్డు వేసేటప్పుడు ట్రాక్టర్లలో పోయాయి. అప్పటి నుంచి రేకుల కింద నెట్టుకొచ్చారు. ఆమె నా దగ్గరికి రావడానికి ముందటి వానాకాలం గాలికి రేకులు లేచిపోయాయి. కొత్తవి బిగించబోతే, అనుమతి లేకుండా ఇంటి ముందు ఏమీ కట్టరాదని నోటీసు వచ్చింది. మగ్గం మీద తాడిపత్రి పట్టా కప్పి పెట్టారు.

"మిరుగం వానల లోపల కప్పు పడాలె బిడ్డా," అంది జానమ్మ. "లేకుంటే గుంటల నీళ్ళు నిలుస్తయి. కర్ర మురుగుతది. మా రాజేశ్‌కు మాట ఇచ్చిన. ఈ యేడు గూడ కప్పు పడకపోతే మగ్గం ఇప్పేస్త అని."

రాజేశ్ ఆమె కొడుకు. కర్నూలులో లారీ తోలుతాడు. తల్లి తాడిపత్రి కింద ఎండలో ఉడికిపోతుంటే చూడలేక ఆ మాట తీసుకున్నాడట. తప్పు పట్టలేం.

"వసారా ఎట్ల కావాలె పెద్దమ్మా?"

"మునుపు ఎట్లుండెనో గట్లనే. మూడు రాతి కడీలు, మీద దూలం, దాని మీద మన్ను మిద్దె."

నేను లోపల నవ్వుకున్నాను. ఈ కాలంలో రాతి స్తంభాలు ఎవరికి కావాలి? పాపం, చెప్పడం చేతకాక అలా అంటోందనుకున్నాను. నాలుగు సిమెంటు స్తంభాలు, స్లాబు, ముందు వైపు అందమైన ఆర్చి, అన్నీ గీసి పంపాను. ఇరవై రోజులకే తిరిగొచ్చింది. పాతది ఉన్నది ఉన్నట్టు బాగు చేసుకోవడానికైతే ఆలోచిస్తాం, కొత్త కట్టడానికి వీల్లేదు అని.

ఆ సంగతి చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాను. తిడుతుందనుకున్నాను. జానమ్మ తాడిపత్రి కింద నుంచి తల బయటపెట్టి, "నేను గదే అంటి గద బిడ్డా," అని మళ్ళీ నేతలో పడింది. తిట్టినా ఇంత సిగ్గు వేసేది కాదు.

రెండోసారి ఆమె చెప్పినట్టే గీశాను. మూడు కడీలు, కడీకీ కడీకీ మధ్య ఆరడుగులు. అరుగు మీద పాత కడీల గుంతలు మూడు స్పష్టంగా ఉన్నాయి. ఇంటి గోడలో దూలాలు దూరిన రంధ్రాలూ ఉన్నాయి. టేపు పెట్టి కొలిచి గీశాను. పాత వసారా ఫోటో ఉంటే జత చేయమన్నారు ఆఫీసువాళ్ళు. వాళ్ళ దగ్గరున్న రెండు పెళ్ళి ఫోటోలూ వరదలోనే పోయాయి. అయితే స్థలం చూడటానికి మనిషిని పంపుతాం అన్నారు.

ఆ మాట జానమ్మకు చెప్పాను. "ఎల్లుండి మేడం వస్తది పెద్దమ్మా, ఇల్లు చూడనీకి," అన్నాను. మేడం చూసేది ఏమిటో చెప్పలేదు. గుంతలే మా సాక్ష్యం, వాటిని ముట్టుకోవద్దు అని ఒక్క ముక్క చెప్పి ఉన్నా, ఫోనులో వాటి ఫోటో తీసి ఉన్నా సరిపోయేది. ప్లాను గీసేవాడికి అంత తెలివి ఉండనక్కర లేదా? లేకపోయింది.

ఆ ఎల్లుండి పొద్దున్నే వాళ్ళ సందులోకి తిరిగాను. ఇల్లు పెళ్ళివారి ఇల్లులా మెరిసిపోతోంది. గోడకు తెల్లగా సున్నం. అరుగంతా నల్లమట్టి మెత్తి, పైన పేడతో అలికి, అంచుకు ఎర్ర జాజు పూసి, ముగ్గు పెట్టారు. ఇంటికి పెద్దమనిషి వస్తుంటే అలకకుండా ఉంచే ఇల్లు మా వైపు ఉండదు. గుంతల జాడ లేదు. గోడలో రంధ్రాల జాడా లేదు.

"పెద్దమ్మా! గుంతలేవి?"

"పూడిసినం బిడ్డా. మేడం కాలు వడి ఇరిగితే ఎవరికి చెడ్డపేరు?"

గుర్వయ్య గుమ్మంలో నిలబడి మీసం దువ్వుకున్నాడు. "నిన్న పొద్దంత గదే పని. రాళ్ళు గొట్టి, మట్టి వెట్టి దిమ్మిసతోని గుద్దిన. ఇగ ఏనుగు నడిసినా దిగవడదు," అన్నాడు. మామూలుగా రోజుకు నాలుగు మాటలు మాట్లాడే మనిషి. ఆ రోజే ఇంత ఉత్సాహం రావాలా?

నేను అరిచాను. అరవకూడదు, కానీ అరిచాను. ఆ గుంతలే మన కాగితమని, దాన్ని మీ చేతులతో మీరే చింపుకున్నారని అన్నాను. జానమ్మ ముఖం వాడిపోయింది. అరుగు అంచున కూర్చుని తను పెట్టిన ముగ్గునే చూస్తూ ఉండిపోయింది.

అంతలో జీపు వచ్చింది.

మేడం పేరు ప్రణీత. ముప్పై ఏళ్ళుంటాయేమో. కేతేపల్లి పిల్లట. దిగగానే అరుగు చూసింది, గోడ చూసింది, నా ప్లాను విప్పి చూసింది. "ఇంత మంచిగ అలికిన్రు. గుంతలెక్కడ?" అంది.

జరిగింది చెప్పాను. జానమ్మ తనే లేచి, ముగ్గు చెరిపి, మూడు చోట్ల వేలు పెట్టి చూపించింది. మేడం డ్రైవరు చిన్న తాపీతో మట్టి గీకాడు. చెప్పిన చోటల్లా, గోడ రంధ్రాల్లోనూ, కొత్త రాళ్ళు, తడి ఆరని మట్టి బయటపడ్డాయి.

ప్రణీత వంగి ఆ తడి మట్టిని వేళ్ళతో నలిపి చూసింది. "అమ్మా, మీరు అబద్ధం చెప్తున్నరని నేను అంటలేను," అంది మెల్లగా. "కని ఇవి నిన్న పూడిసిన గుంతలు. ముప్పై ఏండ్ల కింద తవ్విన్రా, మొన్న తవ్విన్రా, నాకెట్ల తెల్వాలె? రేపు నన్ను అడిగెటోళ్ళకు ఏం చూపియ్యాలె? పాత గుర్తు ఏదన్న ఉంటే చూపియ్యుండ్రి. లేకుంటే నేను రాసేదేం లేదు."

న్యాయమైన మాట. అందుకే మరీ బాధేసింది. మిరుగానికి పద్దెనిమిది రోజులే ఉన్నాయి. మగ్గం మీది తాడిపత్రి గాలికి టపటపా కొట్టుకుంటోంది.

జానమ్మ ఒక్కసారి తల ఎత్తి లోపలికి వెళ్ళింది. దేవుడి అర్రలోంచి ఒక గొంగడి తెచ్చింది. నల్లగా, మడత పెట్టి, మీద పసుపు చల్లి ఉంది. వరద వచ్చిన రోజు ఈ ఇంట్లోంచి మొదట బయటికి వెళ్ళింది అదేనట. ఆమె దాన్ని నెత్తిన పెట్టుకొని గట్టు మీదికి ఎక్కిందట, బిందె కాదు, బియ్యం కాదు.

"మా మామ బీరప్ప నేసిండు. ఆయన పోయి ముప్పై ఏండ్లాయె," అంది. "బీరన్న పండుగకు దేవుని ముందట పరిసేటిది. ఒకనాడు కప్పుకోలే, ఒకనాడు తడవలే. పడుగు తీసేటప్పుడు మా మామ దారాన్ని మొదటి కడీ నుంచి ఆఖరి కడీ దాంక ఈ వసారల్నే గుంజెటోడు. చింతగింజల గంజి పూసి కుంచెతోని దువ్వెటోడు. ఏ కడీ కాడ ఆ కడీకి అంచుల తెల్ల ఉన్నితోని ఒక ముడి ఏసెటోడు. ఎంత నేసిన, ఇంకెంత ఉన్నది అని ఎరుకైతందుకు. సూడు బిడ్డా."

నల్లటి అంచులో మూడు తెల్ల ముడులు. ఒకటి ఈ చివర, ఒకటి మధ్యన, ఒకటి ఆ చివర. ఇన్నేళ్ళు ఈ సందులో తిరిగాను, ఆ గొంగడి సంగతి నాకు తెలియదు. అడిగింది ఎప్పుడు గనుక!

ప్రణీత కళ్ళు మెరిశాయి. గొంగడిని అరుగు మీద పరిచారు. మొదటి ముడిని మొదటి గుంత మీద పెట్టారు. జానమ్మ, మేడం, నేను రెండో ముడి దగ్గర వంగాం.

కలవలేదు. ముడి గుంతకు అరడుగు ముందే ఆగిపోయింది. ఆఖరి ముడి అయితే అడుగు దూరం వెనకబడింది.

టేపు పెట్టాను. గొంగడిలో ముడికీ ముడికీ మధ్య ఐదడుగుల ఆరంగుళాలు. గుంతకూ గుంతకూ మధ్య ఆరడుగులు. ఇంతసేపూ లేని ఆశ పెట్టి మళ్ళీ లాక్కోవడమేమిటని ఆ బీరన్న దేవుడి మీద కూడా కోపం వచ్చింది.

"తక్కువ ఉన్నదమ్మా," అంది ప్రణీత. ఆమె గొంతులోనూ నిరాశే.

జానమ్మ మా ఇద్దరి వైపూ చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. రెండు రెళ్ళు నాలుగు అని తెలియని పిల్లల్ని చూసినట్టు చూసింది.

"తక్కువనే ఉంటది. ఉన్ని గద. పడుగు మీద సక్కగ ఉన్న దారం, నేసినంక అడ్డం పడే పేక కిందికి మీదికి వంగుతది. వంగితే కురసనైతది. మూరకు రెండు వేళ్ళు తింటది. మీకు ఎరుక లేదా?"

ఎరుక లేదు. నాకు ఐటీఐ సర్టిఫికెట్టు ఉంది, కంప్యూటరులో ప్లాను గీస్తాను, ఎరుక లేదు.

ప్రణీత వెంటనే ఒప్పుకోలేదు. ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది అక్కడే. "మాట మీద రాయలేనమ్మా. రెండు వేళ్ళని నేనెట్ల నమ్మాలె?" అంది.

"నన్నెందుకు నమ్ముతవ్ బిడ్డా, మగ్గాన్ని అడుగు."

జానమ్మ తాడిపత్రి లాగేసింది. మగ్గం మీద సగం నేసిన గొంగడి ఉంది. కడీలు పోయినప్పటి నుంచి ఆమె పడుగును సందులో రెండు గుంజలకు గుంజుతోంది. కడీలు లేవు గనుక ముడి మూరకొకటి వేస్తోంది. ఆ తెల్ల ముడులు నేయని పడుగు మీదా ఉన్నాయి, నేసిన గుడ్డలోనూ ఉన్నాయి. ఒకే దారం, ఒకే చెయ్యి, ఒకే ముడి. ఇంతకన్నా మంచి సాక్షి ఏ కోర్టులో దొరుకుతుంది!

ప్రణీత గుంట పక్కన బాసింపట్టు వేసుకొని కూర్చుంది. మంచి చుడీదారు పేడ అలుకుకు ఆనుతున్నా పట్టించుకోలేదు. టేపు తనే పట్టుకుంది. నేయని పడుగు మీద ముడికీ ముడికీ పద్దెనిమిది అంగుళాలు. నేసిన గుడ్డలో పదహారున్నర. ఇంకో రెండు చోట్ల కొలిచింది. అంతే. జానమ్మ తన చూపుడువేలు, నడిమి వేలు కలిపి టేపు మీద ఆనించింది. అంగుళమున్నర.

నేను లెక్క వేశాను. ఆరడుగుల పడుగంటే నాలుగు మూరలు. మూరకు అంగుళమున్నర చొప్పున ఆరంగుళాలు పోవాలి. మిగిలేది ఐదడుగుల ఆరంగుళాలు. బీరప్ప గొంగడిలో ముడికీ ముడికీ ఉన్నది సరిగ్గా అంతే. రెండో ముడికీ అంతే, మూడో ముడికీ అంతే. వెంట్రుకవాసి తేడా లేదు. నేను పైకే అరిచాను. పొద్దున అరిచిన అరుపు వేరు, ఇది వేరు.

ప్రణీత లేచి ఆ గొంగడి దగ్గరికి వెళ్ళింది. "ముప్పై ఏండ్ల కింద పోయిన మనిషి ఇవ్వాళ సంతకం పెట్టిపోయిండు," అంది. తర్వాత జానమ్మ వైపు తిరిగి, "మీరు హుజూర్‌నగర్ దిక్కోళ్ళా? జానపహాడ్ దర్గా సైదులు మొక్కుతోని పుట్టినోళ్ళకే మా దిక్కు జానమ్మ అని పేరు పెడతరు," అని అడిగింది.

"గంతే బిడ్డా. మా నాయిన మంద తోలుకొని కృష్ణ దాటి ఇటు మేపనీకి వచ్చిండు. గొర్రెలు తిరిగిపోయినయి, నేను ఈడ్నే ఉన్న," అని నవ్వింది జానమ్మ. పొద్దుట నుంచి ఆమె నవ్వడం అదే మొదలు. గుర్వయ్య మాత్రం ఇంకా గోడకు ఆనుకొని నేల చూస్తున్నాడు. దిమ్మిసతో అంత గట్టిగా గుద్దినందుకు.

మేడం వెళుతూ నన్ను పక్కకు పిలిచింది. గొంగడి ఫోటోలు, మగ్గం మీది కొలతలు, గుంతల కొలతలు, మూడూ ఒకే కాగితం మీద చేర్చి ఇవ్వమంది. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు నేను. మెర్సీ ఏమైందని అడిగితే జానమ్మ రెండు వేళ్ళ సంగతి చెప్పాను. మెర్సీ, "మీ నాయినకు గూడ బండ చూస్తే బరువు ఎరుకయ్యేది గద," అంది. నిజమే. ఆ లెక్కను నేను ఎన్నడూ లెక్కగా చూడలేదు. కాగితం మీద ఆధారం అని రాయాల్సిన చోట, బీరప్ప నేసిన గొంగడి, జానమ్మ చేతి కొలత అని రాశాను. కొట్టేస్తారేమో అనుకున్నాను. కొట్టేయలేదు.

అనుమతి మిరుగానికి వారం ముందు వచ్చింది. పాత గుంతల్లోనే మూడు రాతి కడీలు, చెక్క దూలం, మన్ను మిద్దె, అంతకు మించి ఏమీ కట్టరాదు అని షరతు. చదివి వినిపిస్తే జానమ్మకు అది షరతులా అనిపించనే లేదు. "గంతకంటె ఏం గావాలె?" అంది. గుర్వయ్య తను పూడ్చిన గుంతలు తనే తవ్వాడు. ఎంత గట్టిగా గుద్దాడో ఆ తవ్వేటప్పుడు తెలిసింది ఆయనకు. రాజేశ్ మూడు రోజులు సెలవు పెట్టి వచ్చి దూలానికి భుజం ఇచ్చాడు. మగ్గం విప్పే మాట ఎత్తలేదు.

మొదటి వాన పడిన మర్నాడు వెళ్ళాను. సందంతా బురద. వసారాలో మాత్రం పొడి నేల, గంజి వాసన. గుంటలో చుక్క నీరు లేదు. జానమ్మ కొత్త పడుగు గుంజుతోంది. మొదటి కడీ నుంచి ఆఖరి కడీ దాకా నల్లటి దారాలు బిగుతుగా సాగి ఉన్నాయి. తల వంచుకొని ఆమె మొదటి కడీ దగ్గర అంచు దారానికి తెల్ల ఉన్ని ముడి వేస్తోంది.

"ఇప్పుడు కాగితం ఉన్నది గద పెద్దమ్మా," అన్నాను. "ప్లాను ఉన్నది, ఫోటోలు ఉన్నయి. ఇంక ముడులెందుకు?"

"కాగితం వరదల పోదా బిడ్డా?" అంది చెయ్యి ఆపకుండానే. "నా వెనుక ఈ గుంటల ఎవరు కూసుంటరో. వాళ్ళను గూడ ఎవరన్న అడుగుతరు గద, మునుపు ఎట్లుండె అని."

ఇన్నాళ్ళూ నేను గీసిన ప్లాన్లన్నీ అనుమతి వచ్చే దాకా బతికేవి. ఈమె తన తర్వాత వచ్చే ముఖం తెలియని మనిషి కోసం ముడి వేస్తోంది.

మధ్య కడీ దగ్గరి ముడి నన్ను వేయమంది. ఎంతో భక్తిగా వేశాను. ఆమె వచ్చి చూసింది, వేలితో లాగింది, నా ముడి విప్పి తన ముడి వేసింది.